కొక్కేనికి మిగిలిన బిళ్ళ

మొన్న శనివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఖమ్మం కమాన్ బజారులో ఒక బట్టల దుకాణం గుమ్మం దగ్గర కూర్చున్నామె నా చేతిసంచి తీసుకుని ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఇచ్చింది. దాని మీద నలభై అని ఉంది. నాకు కావలసింది రెండు తువ్వాళ్ళు. ఐదు నిమిషాలు లోపల నిలబడి, తువ్వాళ్ళు కొనకుండానే బయటికి వచ్చి, బిళ్ళ ఇచ్చి సంచి తీసుకున్నాను.

"ఏం నచ్చలేదా సార్?" అందామె.

నచ్చకపోవడం కాదు. బిళ్ళ చేతిలో పడగానే సర్దార్ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఆ రోజుకు నలభై రోజులు.

మణుగూరు దగ్గర నేను పనిచేసిన భూగర్భ గనిలో ఆయన మైనింగ్ సర్దార్. మనుషులు పనిలోకి దిగే ముందు తానొక్కడే లోపలికి వెళ్ళి, పైన రాతికప్పు నిలబడుతుందో లేదో చూసి రావడం ఆ ఉద్యోగం. గనిలో అందరూ ఆయన్ని సర్దార్ అనే పిలిచేవారు. భార్య కూడా నాతో మాట్లాడేటప్పుడు "మీ సర్దార్" అనేది. ఆయన పేరు నాకు తెలుసు. అది ఇక్కడ రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది.

చేతిలో ఎప్పుడూ కర్ర ఉండేది, చివర ఇత్తడి తొడుగుతో. గనిలో ఆ కర్రతో కప్పును తట్టి, రెండో అరచేతిని రాయికి ఆనించి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. ఈ తేడా నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ఆయన అరచేతికి తెలుసు. గని బయట కూడా ఆ అలవాటు పోలేదు. మా క్వార్టరుకు వస్తే గుమ్మంలో ఆగి, తలెత్తి చూసి, వేలి కణుపుతో దర్వాజాను తట్టి గాని లోపలికి వచ్చేవాడు కాదు. తలుపు కొడుతున్నాడనుకుని మా ఆవిడ లోపలి నుంచి "తీసే ఉందండీ" అనేది. పెళ్ళికి వెళ్తే పందిరి గుంజను తట్టేవాడు. "డొల్ల లేదు, తినొచ్చు" అని బంతిలో కూర్చునేవాడు.

బిళ్ళ సంగతి కూడా చెప్పాలి. గనిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగే ముందు దీపాల గది కిటికీలో బిళ్ళ ఇస్తే, టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చేవారు. దీపం తీసిన కొక్కేనికి బిళ్ళ తగిలించేవారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు తీసుకోకూడదు, అన్నదమ్ములైనా సరే. కొక్కేనికి బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు.

నేను ఆ గనికి రాకముందు, ఒక కోల్‌కట్టర్ జ్వరమొచ్చి షిఫ్టు మధ్యలో పైకి వచ్చాడట. జ్వరం మత్తులో దీపం ఇవ్వడం మరచి, టోపీతోనే ఇంటికి పోయి పడుకున్నాడు. ఆ సాయంత్రం లోపల కొంత కప్పు కూలింది. అందరూ బయటికి వచ్చారు. కొక్కేనికి ఒక బిళ్ళ మిగిలింది. సర్దార్ ఇద్దరిని వెంటబెట్టుకుని మళ్ళీ దిగి, ఐదు గంటలు ఆ రాళ్ళ కింద మనిషి కోసం వెతికాడు. ఎడమచేతి చూపుడువేలు సగం అక్కడ పోయింది. మర్నాడు ఆ మనిషి దీపం పట్టుకుని గనికి వచ్చాడు. సర్దార్ అతన్ని తిట్టలేదు. కట్టుకట్టిన చేత్తో బిళ్ళ అందించి, "ఇంట్ల అన్నం తింటున్నా సరే, బిళ్ళ తీస్కోలేదంటే నువ్ లోపలున్నట్టే లెక్క" అన్నాడట. అప్పటి నుంచి గనిలో ఎవరు బిళ్ళ దగ్గర తొందరపడినా ఆయన ఆ సగం వేలు చూపించేవాడు. ఇంకేమీ చెప్పే పనుండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కప్పుకు ఇనుప బోల్టులు బిగించే యంత్రం ఒకటి స్వీడన్ నుంచి మా గనికి వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకు రమ్మని నలుగురిని పంపారు. ఇద్దరు ఆపరేటర్లు, కప్పు సంగతి తెలిసిన మనిషని సర్దార్, ఇంగ్లీషు మాట్లాడతానని నేను. శిక్షణ రెండు వారాలు. అక్టోబరు. చివరి రోజు స్టాక్‌హోంలో ఖాళీ దొరికింది. విమానం సాయంత్రం ఏడింటికి. తెల్లారినప్పటి నుంచి వాన. ఆపరేటర్లు పిల్లలకు చాక్లెట్లు కొనాలని దుకాణాలకు వెళ్ళారు. నేను హోటల్ హాల్లో పుస్తకం తెరిచాను. సర్దార్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. శిక్షణలో ఇచ్చిన పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. చేతిలో హోటల్ వాళ్ళ నల్ల గొడుగు ఉంది.

"సారూ, ఊరు సూద్దాం పాండ్రి."

"వాన కదా సర్దార్."

"ఇది వాననా? మా టేకులపల్లి దిక్కు దీన్ని మంచు అంటరు. ఇంట్ల ఆమె సముద్రం సూసి రమ్మన్నది. సూడకుంట పోతే నన్ను ఇంట్లకు రానిస్తదా?"

ఆ ఊరు నిండా నీళ్ళే. ప్రతి వీధి చివరా పడవలు కట్టి ఉన్నాయి. మొదటి రేవు దగ్గరే ఆయన గొడుగు నా చేతికిచ్చి, మెట్లు దిగి, గొంతుక్కూర్చుని, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. కుక్కను నడిపిస్తున్న ఒక ముసలాయన ఆగి చూశాడు.

"ఉప్పు లేదు" అన్నాడు సర్దార్.

ఇక్కడ సరస్సు నీళ్ళు వచ్చి సముద్రంలో కలుస్తాయనీ, అందుకే ఉప్పు తక్కువనీ చెప్పాను. మధ్యలో ఉన్నవి దీవులని చెప్పాను.

"అవతలి ఒడ్డు కనవడ్తనే ఉంది. భద్రాచలం బ్రిడ్జి కాడ మన గోదారి దీనికన్న వెడల్పుంటది. ఇది సముద్రం గాదు సారూ. పెద్ద సదువు సదివిన్రని మీ మాట ఇని నేను బోయి ఆమెకు సెప్తే, రేపు ఎవరన్న అడిగితే ఇజ్జత్ ఎవరిది పోవాలె?"

పాత ఊరి సందుల్లో నడిచాం. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు. ఆయనకు అవి చాలా నచ్చాయి. "ఇగో, ఇది మన గ్యాలరీ లెక్కనే ఉంది" అంటూ, గని సొరంగంలో నడిచినట్టే, గొడుగు కొనతో గోడల్ని తట్టుకుంటూ నడిచాడు. ఒక చోట ఆగి, అరచేయి ఆనించి, మళ్ళీ తట్టి, నన్ను చెయ్యిపట్టి పక్కకు లాగాడు. ఆ గోడ మూడు నాలుగు వందల ఏళ్ళ నుంచి అలాగే నిలబడి ఉంటుందన్నాను. "నిలవడ్తది. మనం దాని కింద నిలవడుడు ఎందుకు?" అన్నాడు.

తర్వాత భూగర్భ రైలు ఎక్కాం. అక్కడ కొన్ని స్టేషన్లను కొండరాతిలో తొలిచి, రాయిని అలాగే వదిలేసి రంగులు వేశారు. మెట్లు దిగి ఆ నీలిరంగు కప్పు కింద నిలబడ్డాక ఆయన కదల్లేదు. జనం ఆయన్ని తప్పించుకుని పోతున్నారు. రెండు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. ఆయన మెడ ఎత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా కప్పును చూసుకుంటూ వచ్చాడు.

"ఇందరు మనుషులు దిగుతున్నరు. ఒక్కని తలకు టోపీ లేదు. ఒక్కడు గూడ పైకి సూస్తలేడు" అన్నాడు. మళ్ళీ కప్పు వైపు చూసి, "అంటే పొద్దుగాల ఎవడో మంచిగ సూసి పోయిండన్నట్టు" అన్నాడు. ఆ ఎవరో తెలియని మనిషిని తలుచుకుని ఆయన ముఖంలో కనిపించిన సంతోషం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఆ తర్వాత నేను ఎన్నో ఊళ్ళు చూశాను. ఏ ఊరినీ ఆయన ఆ కప్పును చూసినట్టు చూడలేకపోయాను.

మధ్యాహ్నం ఒక మ్యూజియానికి వెళ్ళాం. ఎప్పుడో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయి, వందల ఏళ్ళు నీళ్ళలో ఉండి, పైకి తీసిన ఓడ అక్కడ ఉంది. తడిసిన కోట్లు, గొడుగులు గుమ్మం పక్క గదిలో ఇవ్వాలి. తెల్లజుట్టు ఆమె ఒకరు నా కోటు తీసుకుని నంబరున్న బిళ్ళ ఇచ్చింది. తర్వాత సర్దార్ రెయిన్‌కోటు తీసుకుని, గోడకున్న కొక్కేనికి వేసి, వెనక్కి తిరిగి ఆయనకు బిళ్ళ అందించింది. అదే సమయానికి ఆయన చొక్కా జేబులోంచి తన ఇత్తడి బిళ్ళ తీసి ఆమెకు చాపాడు. ఇద్దరి చేతులూ బల్ల మీద ఎదురెదురుగా ఆగిపోయాయి.

"అది ఇక్కడ అక్కర్లేదు సర్దార్" అన్నాను.

"ఎందుకక్కరలేదు? లోపలికి పోతున్నం గద. ఆమె బిళ్ళ నాకిచ్చింది, మరి నా బిళ్ళ ఎవరికియ్యాలె?"

ఆమెకు గనుల్లో పద్ధతి వివరించాను. ఆమె శ్రద్ధగా విని, ఆ బిళ్ళను వెలుగులోకి తిప్పి చూసి, నవ్వి ఏదో అంది.

"ఏమంటుంది?"

"చాలా అందంగా ఉందంటోంది."

"అందానికేం గానీ, నంబర్ సూసిందా?"

చూసిందని చెప్పాను. రెండు వందల పద్దెనిమిది. ఆమె దాన్ని ఆయన కోటు వేసిన కొక్కేనికే తగిలించింది. సర్దార్ అది ఊగడం ఆగేదాకా నిలబడి చూసి, అప్పుడు కదిలాడు.

లోపల చీకటి. కొయ్య పాడవకుండా దీపాలు తగ్గించి పెట్టారు. ఆ వెలుతురు మా ఇద్దరికీ అలవాటైనదే. ఓడను ఆయన చాలాసేపు చూశాడు. తట్టకూడదని ముందే చెప్పాను. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అడుగు అంతస్తులో, ఆ ఓడతో పాటు మునిగినవాళ్ళ ఎముకలు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి.

"వీళ్ళ పేర్లు ఏంది సారూ?"

"తెలియవట."

"ఎందరు మునిగిన్రు?"

పక్కన రాసింది చదివాను. "సరిగ్గా తెలియదట. ఎంతమంది ఎక్కారో తెలియదు."

ఆయన ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు. "ఇంత పెద్ద ఓడ కట్టిన్రు. బిళ్ళలు ఏసుకోకుంట ఎట్ల ఎక్కిచ్చిన్రు?" అన్నాడు. గొంతులో కోపముంది. నిన్న జరిగినదాని మీద వచ్చే కోపం.

బయటికి వచ్చేసరికి ఆలస్యమైంది. హోటల్‌కు వెళ్ళే బస్సు పది నిమిషాల్లో ఉంది. కోట్ల గదిలో ఇందాకటి ఆమె లేదు. ఆమె షిఫ్టు అయిపోయినట్టుంది, వేరే ఆయన ఉన్నాడు. మా దగ్గర బిళ్ళలు తీసుకుని కోట్లు ఇచ్చాడు. సర్దార్ రెయిన్‌కోటు తొడుక్కుని, ఏదో మరచినవాడిలా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేను గడియారం చూసుకుని, "జల్దీ రండి సర్దార్, బస్సు పోతుంది" అన్నాను. ఆయన నా వెంట పరుగెత్తాడు.

ఆ మాట అన్నది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

విమానాశ్రయంలో, బోర్డింగ్ వరసలో నిలబడ్డాక, ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. తర్వాత పాంటు జేబులు. తర్వాత మళ్ళీ చొక్కా జేబు. ఆ ముఖం చూసి నాకు అర్థమైంది.

"నేను పోయి తీస్కొస్త. మీరు పోండ్రి."

"విమానం వెళ్ళిపోతుంది సర్దార్. మళ్ళీ టికెట్టు ఎవరిస్తారు?"

"ఆడ బిళ్ళ ఉన్నది సారూ."

"ఉత్తరం రాసి తెప్పిస్తాను. నా పూచీ."

ఆయన వరసలో ముందుకు కదిలాడు. పెద్దమాట అనడం ఆయనకు రాదు. ఢిల్లీ దాకా చొక్కా జేబు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

గనిలో ఈ సంగతి ఒక్కరోజులో అందరికీ తెలిసింది. దీపాల గది గుమస్తా కొత్త బిళ్ళ ఇస్తూ, "ఏంది సర్దార్, అందరికీ ఏలు సూపిస్తివి, నీ బిళ్ళ నువ్వే మర్సొస్తివా? లెక్కకైతే నువ్ ఇంకా స్వీడన్ల బొగ్గుబాయి లోపలనే ఉన్నవ్" అన్నాడు. కిటికీ ముందు వరసంతా నవ్వింది. సర్దార్ కూడా నవ్వాడు. "అవ్. ఇంకా బయటికి రాలే" అన్నాడు. ఆ మాట ఆయనకు అతుక్కుపోయింది. షిఫ్టులో ఎవరైనా "సర్దార్ ఏడి?" అంటే "స్వీడన్ల" అనేవారు. ఆయన రిటైరయ్యే దాకా ఆ హాస్యం నడిచింది. ఒక్క తేడా కనిపించింది. దీపాల గది దగ్గర సగం వేలు చూపించడం మానేశాడు.

నేను ఉత్తరం రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆఫీసు వరండాలో ఆయన ఎదురుగా నిలబడి ఉండగా కవరు చించి చదివాను. చాలా మర్యాదగా రాశారు. కోట్ల గదిలో, మరచిపోయిన వస్తువుల గదిలో వెతికామనీ, మీరు చెప్పిన బిళ్ళ దొరకలేదనీ, చింతిస్తున్నామనీ ఉంది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు.

"దొరికిందట" అన్నాను.

"ఏడుందంట?"

అంత దూరం నేను ఆలోచించలేదు. "అదే కొక్కేనికి" అన్నాను.

ఆయన నా చేతిలోని కాగితం వైపు చూశాడు. పోస్టులో పంపమని రాయమంటారా అని అడిగాను. అడిగి భయపడ్డాను.

"వద్దు సారూ. బిళ్ళ ఇంకొకరి చేత తెప్పియ్యరాదు. ఎప్పుడన్న నేనే పోయి తీస్కుంట." తర్వాత చెయ్యి చాపాడు. "ఆ కాయితం నాకియ్యుండ్రి. నా కాడ ఉంటది."

ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు రాదు.

తర్వాత ఐదేళ్ళు, మణుగూరులో వాన పడిన ప్రతిసారీ, ఆయన ఎక్కడున్నా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు. కాలనీ బస్టాండులో చాయ్ తాగేవాళ్ళం. ఆ మ్యూజియం మన పగలు ఒకటిన్నరకు తెరుస్తారని ఆయన లెక్క. గడియారం చూసి, "ఇగ తెరుస్తరు" అనేవాడు. లేదంటే, "ఆ తెల్లజుట్టామె డ్యూటీ దిగిందంటరా ఈపాటికి?" అనేవాడు. నేలకింది నీలిరంగు కప్పు గురించి, ఉప్పులేని సముద్రం గురించి చెప్పుకునేవాళ్ళం. భార్యకు ఆయన సముద్రం దొరకలేదనే చెప్పాడట. చివరికి గ్లాసు కింద పెట్టి, ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇంకా ఆడనే ఉన్నదంటరా సారూ?"

"ఉంటుంది సర్దార్. ఎక్కడికి పోతుంది?"

ఆయన తలూపి, నా వైపు ఒక్క క్షణం చూసి, లేచేవాడు.

రిటైరయ్యాక టేకులపల్లి దగ్గర తన ఊరికి వెళ్ళిపోయాడు. నాకు ఖమ్మం బదిలీ అయింది. ఈ ఏడు తొలకరికి జ్వరం వచ్చి వారంలో పోయాడని ఆలస్యంగా తెలిసింది. పదకొండో రోజుకు వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు చిన్న వరండా. వాన పడుతోంది. మూలన ఇత్తడి తొడుగు కర్ర ఉంది. గుమ్మంలో నాకు తెలియకుండానే తలెత్తి చూశాను.

ఆయన భార్య చాయ్ ఇచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. ఈ అబద్ధం మోస్తూ తిరిగి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి. ఆ బిళ్ళ..."

"దొరకలేదు గద" అంది ఆమె.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆ కాయితం తెచ్చిన పొద్దే మా బిడ్డ సదివింది సారూ. ఇంటరు సదువుతుండె అప్పుడు. దొరకలేదంట నాయినా అన్నది. ఆయన నవ్విండు. నాకు అక్కడ్నే ఎరుకైంది అన్నడు. సారుకు అబద్ధం సెప్పుడు రాదు, మాట డొల్ల పలికింది అన్నడు."

ఐదేళ్ళు ఆయన నన్ను కూడా తట్టి చూస్తూ వచ్చాడన్నమాట. ప్రతి వానకూ డొల్లగానే పలికి ఉంటాను. ఆయన టేకులపల్లి వాన రేకుల మీద గట్టిగా కొడుతోంది. ఆమెను అడిగాను.

"మరి తెలిసీ ప్రతిసారీ ఎందుకడిగాడమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఇంకేం అడగాలె సారూ? ఆ ఊరి ముచ్చట పెట్టాలంటే ఆయనకు మీరొక్కరే ఉండిరి. మీకు గూడ ఆయనొక్కడే గద."

ఖాళీ గ్లాసు తీసుకుని ఆమె లోపలికి వెళ్ళింది. నేను వాన తగ్గేదాకా అక్కడ కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు దారి మళ్ళి మణుగూరు వెళ్ళి వచ్చాను. మా గని మూసేశారు. పైనుంచి మట్టి తవ్వి ఓపెన్‌కాస్ట్ చేస్తున్నారు. దీపాల గది లేదు. అక్కడ తవ్వేవాళ్ళ తలమీద కప్పు లేదు, ఆకాశమే. గేటు దగ్గర ఒక యంత్రం మీద వేలు పెట్టి లోపలికి పోతున్నారు. కర్రతో ఎవరూ కప్పును తట్టడం లేదు. లోపలికి పోయేటప్పుడు ఎవరూ బిళ్ళ ఇవ్వడం లేదు.